దొంగల కథలు చాలు, క్యూలో నిలబడ్డవాళ్ల కథ తీయండి

తెలుగు ఓటీటీ వేదికల్లో కథలు ఎంపిక చేసే పెద్దలకు, వెబ్ సిరీస్ నిర్మాతలకు,



ఒక యువ రచయిత రాసుకొచ్చిన ఎనిమిది భాగాల కథను మీలో ఒక సంస్థ ఈమధ్య వెనక్కి పంపింది. ఏ సంస్థో చెప్పడం అనవసరం. మిగతావాళ్ల దగ్గరికి వెళ్లినా దానికి అదే గతి పట్టేదని నా అనుమానం. 2022లో శ్రీలంక ఖజానాలో డాలర్లు అడుగంటినప్పుడు కొలంబో శివార్లలో ఒక వీధి ఎలా బతికిందన్నది ఆ కథ. అందులో సీరియల్ కిల్లర్ లేడు. సస్పెండైన ఇన్‌స్పెక్టరు లేడు. మీవాళ్లు చెప్పిన సవరణలు ఇవి: మొదటి పది నిమిషాల్లో శవం పడాలి, దేశం దివాలా వెనక ఒక సూత్రధారి ఉండాలి, వీలైతే ఆ సూత్రధారే హీరో కావాలి. పైగా ఒక ప్రశ్న: "ఎకనామిక్స్ ఎవరు చూస్తారండీ?"

శవం అడిగారు కాబట్టి ముందు ఆ సంగతే మాట్లాడుకుందాం. 2022 మార్చిలో, డెబ్బై దాటిన ఇద్దరు పెద్దవాళ్లు, దేశంలో రెండు వేర్వేరు చోట్ల ఇంధనం క్యూలో గంటల తరబడి నిలబడి అక్కడే కూలిపోయి చనిపోయారు. ఒకాయన ఆటో నడుపుకుని బతికేవాడు. పట్టపగలు, నలుగురి కళ్లముందే జరిగింది. కత్తి లేదు, వేలిముద్రలు లేవు, దాచిన ఫుటేజీ లేదు. మరి ఆయన్ని చంపిందెవరు? ఈ ప్రశ్న పట్టుకుని ఎనిమిది ఎపిసోడ్లు నడపలేని రచయిత ఉంటాడా?

ఆ దర్యాప్తు ఎక్కడెక్కడికి పోతుందో చూడండి. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ నాటి బాంబు పేలుళ్లతో పర్యాటకులు తగ్గారు. ఆ ఏడాది చివర్లో కొత్త ప్రభుత్వం వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి దించింది, జనం సంతోషించారు, ఖజానా చిక్కిపోయింది. ఆపైన కోవిడ్. 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు. దేశమంతా ఒక్క సీజన్లో సేంద్రియ సేద్యానికి మారిపోవాలన్నారు. వరి దిగుబడి పడిపోయి, తిండిగింజల్లో తన కాళ్లమీద తాను నిలబడ్డ దేశం బియ్యం కొనుక్కోవాల్సి వచ్చింది. తేయాకు తోటలూ దెబ్బతిన్నాయి. డాలరుకు 200 రూపాయల దగ్గర బలవంతంగా పట్టి ఉంచిన మారకం విలువను 2022 మార్చిలో వదిలేస్తే, మే నాటికి అది 360 దగ్గరికి చేరింది. ఏప్రిల్ 12న, విదేశీ అప్పులు ఇప్పట్లో కట్టలేమని ప్రభుత్వం ప్రకటించింది. 1948లో స్వతంత్రం వచ్చాక అదే మొదటిసారి. మే మొదట్లో ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పిన మాట ప్రకారం వాడుకోవడానికి మిగిలిన విదేశీ మారకం 5 కోట్ల డాలర్ల కన్నా తక్కువ. రెండు కోట్ల పైచిలుకు జనం. తలా రెండు డాలర్లు పంచితే లెక్క సరి.

ఆ ఆటో డ్రైవరు కూలిపోయిన చోటికి ఇన్ని దారులు వచ్చి కలిశాయి. ఇందులో సస్పెన్స్ లేదంటారా?

ఇంకో మాట. శ్రీలంక మనకు పరాయి కథ అని మీరనలేరు. ఆ దేశం పేరు మన రాజకీయాల్లో తిట్టుగా మారి ఏళ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు అధికారంలో ఉన్నవాళ్లను చూపించి "రాష్ట్రాన్ని శ్రీలంక చేస్తున్నారు" అంటారు. టీవీ చర్చల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అసలు శ్రీలంకలో ఏం జరిగిందో ఆ చర్చల్లో ఎవరైనా పది నిమిషాలు చెప్పారా? ఒక రాష్ట్రానికి సొంత కరెన్సీ ఉండదు, దాదాపు రూపాయల్లోనే అప్పు చేస్తుంది, డాలర్లు అయిపోయి పెట్రోలు ఓడ రేవు బయట ఆగిపోయే పరిస్థితి దానికి ఒక్కదానికే రాదు. రాష్ట్రం అప్పులపాలైతే వచ్చే కష్టాలు వేరే ఉంటాయి. జీతాలు ఆలస్యమవుతాయి, కాంట్రాక్టర్ల బిల్లులు ఆగుతాయి, బడి పైకప్పు బాగుపడదు. ఈ తేడా తెలియని ఓటరు భయపెడితే భయపడతాడు, ఊరిస్తే నమ్ముతాడు. వార్తా చానళ్లు ఈ తేడా చెప్పే పని చేయడం లేదు. పాఠ్యపుస్తకాలు చేయవు. ఒక మంచి నాటకం చేయగలదు. దానికి డబ్బు పెట్టే అధికారం ఉన్నది మీకు.

మీరు డబ్బు గురించి కథలు తీయడం లేదని అనను. తీస్తున్నారు, దొంగల వైపు నుంచి. 2020లో హర్షద్ మెహతా మీద వచ్చిన 'స్కామ్ 1992' హిందీ సిరీస్‌ను దేశమంతా చూసింది, దాని సంగీతం ఫోన్లలో మోగింది. నేనూ చూశాను, తీసినవాళ్ల పనితనానికి వంక పెట్టలేను. ఆ తర్వాత నకిలీ స్టాంపు పేపర్ల తెల్గీ కథ వచ్చింది. మన తెలుగులో 2024లో 'లక్కీ భాస్కర్' వచ్చింది. బొంబాయి బ్యాంకులో చిరుద్యోగి ఆ కాలపు గోల్‌మాల్‌లో చెయ్యి కలిపి, డబ్బుతో సహా బయటపడితే హాల్లో చప్పట్లు. కడుపు మాడిన గుమాస్తా గెలిచాడన్న తృప్తి అది, నాకు అర్థమవుతుంది. కానీ ఆ బ్యాంకులో పొదుపు దాచుకున్నవాళ్లు ఏ సీన్‌లో ఉన్నారు? పెన్షన్ డబ్బు అక్కడ వేసుకున్న రిటైర్డు మాస్టారు ఏ ఫ్రేములో కనిపిస్తాడు? 'సర్కారు వారి పాట' ఈఎంఐ కట్టే చిన్నవాడి భారం గురించి మాట్లాడింది, అందుకు మెచ్చుకోవాలి. అయితే ఆ భారమంతా హీరో భుజాన వేసి, విలన్‌ను కొట్టించి, మనల్ని ఇంటికి పంపింది. విచిత్రంగా ఆ సినిమా విడుదలైంది 2022 మే 12న. అంతకు మూడు రోజుల ముందే కొలంబోలో మహింద రాజపక్స ప్రధాని పదవికి రాజీనామా చేశారు, ఊళ్లలో ఇళ్లు తగలబడ్డాయి, ఒక ఎంపీ ప్రాణం పోయింది. సముద్రం ఆవల ఒక దేశం కుప్పకూలుతుంటే ఇటువైపు మనం ఆర్థిక న్యాయాన్ని ఫైట్ మాస్టర్ చేతిలో పెట్టి చూస్తున్నాం.

దొంగ కథలో ఒక సుఖం ఉంది. దొంగ దొరికితే కథ అయిపోతుంది. దేశం దివాలా తీసినప్పుడు అలా అవదు. దొంగ దొరికాక కూడా గ్యాస్ సిలిండరు దొరకదు.

మీ రచయితలకు పనికొచ్చే సరుకు ఎంత ఉందో కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే "విజువల్‌గా ఏముంటుంది, అంతా లెక్కలే కదా" అన్న మాట కూడా మీ దగ్గరినుంచే విన్నాను.

2022 మార్చి ఆఖరుకు రోజుకు 13 గంటలు కరెంటు కోత. కాగితం లేక పశ్చిమ ప్రావిన్స్‌లో బడి పరీక్షలు వాయిదా వేశారు. న్యూస్‌ప్రింట్ లేక రెండు దినపత్రికలు శనివారం సంచికలు అచ్చు ఆపుకున్నాయి. పేరాదెనియ ఆస్పత్రిలో మందుల కొరతతో ముందుగా అనుకున్న ఆపరేషన్లు ఆపేశారు. డిసెంబరులో 177 రూపాయలున్న లీటరు పెట్రోలు జూన్ చివరికి 470 అయింది, అదీ దొరికితే. జూన్ ఆఖరి వారంలో అత్యవసర సేవలకు తప్ప ఇంకెవరికీ ఇంధనం అమ్మకూడదన్నారు. సైనికులు టోకెన్లు పంచారు. ప్రభుత్వోద్యోగులకు శుక్రవారం సెలవిచ్చి, పెరట్లో కూరగాయలు పండించుకోమన్నారు. సెక్షన్ ఆఫీసరు టై విప్పి పలుగు పట్టుకునే ఎపిసోడ్ మీకు కామెడీ అనిపిస్తుందా, విషాదం అనిపిస్తుందా? రెండూ కాగల సీను మీ ఆఫీసుకు వారానికి ఎన్ని వస్తాయి?

క్యూ సంగతి ఇంకా ఉంది. మన సినిమాల్లో క్యూ అంటే టికెట్టు కౌంటరు ముందు తోపులాట, ఒక పాట. శ్రీలంకలో ఆ ఏడాది క్యూ ఒక ఊరైపోయింది. ఆటోల్లో, కార్లలో రాత్రుళ్లు పడుకున్నారు. ఒకరి బండి ఇంకొకరు నెట్టుకుంటూ ముందుకు జరిపారు. ఖాళీ సిలిండర్లను గొలుసులతో కట్టి వరుసలో ఉంచి ఇళ్లకు వెళ్లొచ్చారు. 1996 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడిన రోషన్ మహానామ, పెట్రోలు బంకుల దగ్గర నిలబడ్డవాళ్లకు టీ, బన్నులు పంచాడు. అప్పట్లో జాతీయ జట్టులో ఆడుతున్న చమిక కరుణరత్నే ప్రాక్టీసుకు వెళ్లడానికి కారులో పెట్రోలు లేక రెండు రోజులు క్యూలో ఉన్నాడు. అంటే ఆ వరుసలో బ్యాంకు మేనేజరు ఉన్నాడు, కూరగాయలవాడు ఉన్నాడు, దేశం తరఫున ఆడేవాడు ఉన్నాడు. మామూలు రోజుల్లో ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఒకే తారురోడ్డు మీద రాత్రంతా గడిపితే ఏం మాట్లాడుకుంటారు? రెండో రాత్రికి ఎవరెవరు కలుస్తారు? ఎవడు తన బంధువును మధ్యలో దూరుస్తాడు? దూర్చినవాణ్ని నిలదీసేది ఎవరు, చూసీ చూడనట్టు ఊరుకునేది ఎవరు?

మన ప్రేక్షకులకు ఇది అర్థం కాదనుకుంటున్నారా? 2025 వానాకాలంలో యూరియా కోసం మన పల్లెల్లో రైతులు తెల్లారకముందే వచ్చి, నిలబడలేక చెప్పులు వరుసలో పెట్టి పక్కన కూర్చున్నారు. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు ఏటీఎంల ముందు నిలబడ్డవాళ్లలో మీరూ ఉండే ఉంటారు. అన్నీ ఒకటేనని నేననడం లేదు. ఎరువుల బస్తా కొరత దేశం దివాలాతో సమానం కాదు. కానీ వరుసలో నిలబడ్డ మనిషి భయం ఏమిటో, తన వంతు వచ్చేసరికి కిటికీ మూసేస్తే ఎలా ఉంటుందో తెలుగువాడికి మీరు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇక మీరడిగిన సూత్రధారి. నేరం చేసినవాళ్లు లేరని నేననడం లేదు. 2023 నవంబరులో శ్రీలంక సుప్రీంకోర్టు, రాజపక్స సోదరులూ కొందరు ఉన్నతాధికారులూ ఈ సంక్షోభానికి బాధ్యులని, ప్రజలు తమ మీద ఉంచిన నమ్మకాన్ని వమ్ము చేశారని తీర్పిచ్చింది. ఆ తీర్పు మీ ఆఖరి ఎపిసోడ్‌కు పనికొస్తుంది. కానీ అంతటితో సరిపెడితే అబద్ధం చెప్పినట్టే. 2019 అధ్యక్ష ఎన్నికల్లో గోటబయ రాజపక్సకు 52 శాతం ఓట్లు పడ్డాయి. మరుసటి ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో ఆయన పార్టీకి 225 సీట్లలో 145 వచ్చాయి. పన్ను తగ్గించినప్పుడు దుకాణదారు సంతోషించాడు, రూపాయి బలంగా ఉందని బ్యాంకు గుమాస్తా గర్వపడ్డాడు, విషం లేని తిండి తినబోతున్నామని కాలేజీ అమ్మాయి పోస్టు పెట్టింది. మూడేళ్లు తిరిగేసరికి వాళ్లే వీధిలోకి వచ్చారు. తాము కోరుకున్నదే తమను ముంచిందని తెలుసుకునే పాత్ర కన్నా బలమైన పాత్ర ఏ థ్రిల్లర్‌లో ఉంది?

ఆ వీధి కూడా ఒక్కటిగా లేదు. అంతర్యుద్ధ కాలంలో ఏళ్ల తరబడి కరెంటు లేకుండా, కిరోసిన్ లేకుండా, దిగ్బంధంలో బతికిన ఉత్తరాది తమిళులు కొలంబో కష్టాన్ని చూసి ఏమనుకుని ఉంటారు? "మాకు ఇది కొత్తా?" అనుకోరా? ఈస్టర్ పేలుళ్ల తర్వాత తన కొట్టు మీద రాళ్లు పడ్డ ముస్లిం వ్యాపారి, అదే వీధివాళ్లతో కలిసి నినాదం ఇవ్వగలడా? 2022 ఏప్రిల్ 9న గాల్ ఫేస్ సముద్రతీరాన లేచిన నిరసన శిబిరం 'గోటాగోగామ'లో లైబ్రరీ పెట్టారు, ఉచిత వంటశాల పెట్టారు, ప్రథమచికిత్స గుడారం పెట్టారు. మే 18న అదే చోట యుద్ధం ఆఖర్లో ముల్లివాయ్‌కాల్‌లో చనిపోయినవాళ్లను తలుచుకుని గంజి పంచారు. సింహళ యువకులు ఆ గంజి అందుకున్నారు. యుద్ధం ముగిసిన పదమూడేళ్లకు రాజధాని నడిబొడ్డున జరిగిన ఆ పని వెనక ఎన్ని తగాదాలు, ఎన్ని అర్ధరాత్రి మంతనాలు జరిగి ఉంటాయో ఊహించండి. ఒక్క గిన్నెడు గంజి చుట్టూ ఎపిసోడ్ నడపగల రచయితలు మన దగ్గర ఉన్నారు. వాళ్లతో మీరు మార్చురీ సీన్లు రాయిస్తున్నారు.

జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లారు. ఈతకొలనులో దూకిన కుర్రాళ్ల బొమ్మలు ప్రపంచమంతా చూసింది. మీరు గమనించారో లేదో, ఆ తర్వాతి రోజుల్లో పిల్లాపాపలతో కుటుంబాలు ఆ భవనం చూడటానికి వరుస కట్టాయి. అక్కడా క్యూయే! లోపల దొరికిన కోటీ డెబ్బై ఎనిమిది లక్షల రూపాయలను నిరసనకారులు లెక్కపెట్టి పోలీసులకు అప్పజెప్పారు. పెట్రోలుకు డబ్బుల్లేనివాళ్లు కోటి రూపాయలు ముట్టుకుని తిరిగిచ్చారు. మీ ట్విస్టుల పట్టికలో ఇలాంటిది ఉందా?

"తెలుగువాళ్లకు ఏం సంబంధం?" అని మీరు అడగబోతున్నారని తెలుసు. సంబంధం ఉంది, మీరు వెతకలేదు. శ్రీలంకలో అహికుంటకలనే సమాజం ఉంది. తరతరాలుగా పాములాడించి, చెయ్యి చూసి జాతకం చెప్పి, ఊరూరా తిరిగి బతికినవాళ్లు. ఇప్పుడు అనురాధపుర జిల్లా కుడగామ, తూర్పున అంపారై జిల్లా అలిగంబె లాంటి చోట్ల స్థిరపడ్డారు. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. బయట సింహళమో తమిళమో మాట్లాడతారు, పిల్లలకు ఇంటి భాష పలచబడుతోంది. పండగల్లో, గుళ్ల దగ్గర, యాత్రికుల మధ్య తిరిగితే తప్ప పూట గడవని మనుషులకు బస్సులు ఆగిపోయి, యాత్రికులు రాకుండా పోయిన ఏడాది ఎలా గడిచి ఉంటుంది? చెయ్యి చూపించుకోవడానికి ఎవరి దగ్గర చిల్లర మిగిలింది? పెరట్లో కూరగాయలు వేసుకోమని ప్రభుత్వం చెప్తే, నిన్నమొన్నటిదాకా గుడారాల్లో బతికినవాళ్ల పెరడెక్కడుంది? అమెరికాలో తెలుగువాడి వీసా కష్టాల మీద కథలు తీయడానికి షికాగో దాకా యూనిట్‌ను పంపుతారు. చెన్నై నుంచి గంటంబావు విమాన ప్రయాణంలో తెలుగు మాట్లాడే మనుషులు ఒక దేశపు దివాలా మధ్య ఉన్నారు. మీలో ఒక్కరైనా ఒక్క రచయితను పంపి మాట్లాడించారా?

లంక వద్దంటే ఇంటిదగ్గరే ఇంకో కథ ఉంది. 1991లో మన దేశం అంచుదాకా వెళ్లి ఆగింది. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయి. ఆ మే నెలలో 20 టన్నుల బంగారం, జులైలో మరో 47 టన్నులు విదేశాలకు తరలించి అప్పు తెచ్చుకున్నాం. రిజర్వు బ్యాంకు నుంచి విమానాశ్రయానికి బంగారం తీసుకెళ్తున్న వ్యాను దారిలో ఆగిపోయిందని, అప్పుడు కేంద్ర ఆర్థికశాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూసిన మన వై.వి.రెడ్డి గారు తర్వాత తన జ్ఞాపకాల్లో రాశారు. బొంబాయి రోడ్డు మధ్య, సాయుధ పోలీసుల కాపలాలో ఆగిపోయిన దేశపు బంగారం! జులై నాటికి ప్రధాని కుర్చీలో ఉన్నది వంగరకు చెందిన పి.వి.నరసింహారావు. ఆ జులై బడ్జెట్‌లో ఎరువుల ధరలు 40 శాతం పెంచుతామన్నారు, గొడవ జరిగాక 30 శాతానికి తగ్గించారు. బంగారం తాకట్టు పెట్టడమంటే ఏమిటో తెలియని తెలుగిల్లు ఉందా? దేశం తాకట్టు పెట్టిన నెలలోనే పెళ్లాం మెడలోది తాకట్టు పెట్టి ఎరువు కొన్న రైతు కరీంనగర్ జిల్లాలోనో గుంటూరు జిల్లాలోనో ఉండడా? ఢిల్లీని గదుల్లో చూపించి, ఊరిని వీధిలో చూపించి రెండూ కలిపి నడపగల కథ ఇది. పీవీ గారి గురించి ఎన్ని సభలు పెట్టాం, ఎన్ని విగ్రహాలు నిలబెట్టాం! ఆ వేసవిని ఒక ఊరి వైపు నుంచి చూపించే తెలుగు సిరీస్ ఏది?

ఎవరు చూస్తారని అడిగారు. మిమ్మల్ని మీరే అడగండి. 2024 జనవరిలో వచ్చిన '90's' సిరీస్‌లో ఎవరు చచ్చిపోయారు? ఒక లెక్కల మాస్టారు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, ఉప్మా. రూపాయి రూపాయి చూసి ఖర్చుపెట్టే ఆ ఇంటిని ఊళ్లకు ఊళ్లు చూశాయి. హిందీ 'పంచాయత్'ను తెలుగులో 'సివరపల్లి'గా తీసుకొచ్చారుగా, అందులో ఏ తుపాకీ పేలిందని? నా చిన్న ఫిర్యాదు ఒక్కటే: మాస్టారింట్లో డబ్బు ఎందుకు చాలలేదన్న ప్రశ్నను మనం జ్ఞాపకాల తియ్యదనంలో ముంచేశాం. ఆ ప్రశ్నను బయటికి లాగితే ఇంకా పెద్ద సిరీస్ అవుతుంది.

మీరే తెలుగులో అందిస్తున్న కొరియా సీరియళ్ల సంగతేమిటి? 'ట్వెంటీ ఫైవ్ ట్వెంటీ వన్' మన కాలేజీ పిల్లలు ఏడ్చుకుంటూ చూసిన ప్రేమకథ. అది మొదలయ్యేదే 1997-98 ఆసియా సంక్షోభంలో. ఆ అమ్మాయి బడిలో కత్తిసాము జట్టును డబ్బుల్లేక ఎత్తేస్తారు, ఆ అబ్బాయి కుటుంబం దివాలా తీసి చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారు. దేశం అప్పు తీర్చడానికి దాదాపు 35 లక్షల మంది కొరియన్లు ఇంట్లో ఉన్న బంగారం తెచ్చిచ్చారు, 227 టన్నులు పోగైంది. పాతికేళ్లు దాటినా ఆ దేశం ఆ కాలాన్ని మళ్లీ మళ్లీ తెరకెక్కిస్తూనే ఉంది. అర్జెంటీనావాళ్లు 2019లో ఒక సినిమా తీశారు: చిన్న ఊళ్లో జనం సహకార సంఘం పెట్టుకోవడానికి పోగేసుకున్న డబ్బు 2001 డిసెంబరులో బ్యాంకులు బిగించిన ఆంక్షల్లో చిక్కుకుపోతుంది. ప్రధాన పాత్ర రికార్డో దారిన్ వేశాడు, అక్కడ జనం విరగబడి చూశారు. అంత దూరం ఎందుకు? శ్రీలంక సంక్షోభంలోనే నడిచే 'పారడైజ్' సినిమాను సింహళ దర్శకుడు ప్రసన్న వితనగే 2023లో తీశారు. అందులో లంక చూడటానికి వెళ్లిన జంట మలయాళీలు. నటించినవాళ్లు మలయాళ నటులు, సమర్పించింది మణిరత్నం సంస్థ. పక్క రాష్ట్రాల వాళ్లకు కనిపించిన కథ మీకు ఎందుకు కనిపించలేదు?

థియేటర్లు స్టార్ల గుప్పిట్లో ఉన్నాయని, మీరొస్తే కథే హీరో అవుతుందని మొదట్లో మాకు చెప్పింది మీరే. ఆ మాట నమ్మి చందా కట్టాం. ఇప్పుడు స్టార్ బదులు శవం వచ్చింది, అంతే తేడా.

బడ్జెట్ అంటారేమో. ఒక వీధి, ఒక పెట్రోలు బంకు, కరెంటు లేని రాత్రులు. ఇంతకన్నా చవకైన సెట్టు మీ కార్ చేజింగుల్లో ఉందా?

ఒకవేళ మనసు మార్చుకుని ఇలాంటిది తీస్తే కొన్ని పనులు చేయకండి. సైన్యం వచ్చి రక్షించే క్లైమాక్స్ పెట్టకండి. భారతదేశం 400 కోట్ల డాలర్ల దాకా సాయం చేసిన మాట నిజం, తమిళనాడు బియ్యం, పాలపొడి పంపిన మాట నిజం. దాన్ని చెప్పండి, కానీ పక్కింటివాడి ఆకలిని మన గొప్పకు వేదిక చేయకండి. అదే ఏడాది మార్చిలో 16 మంది శ్రీలంక తమిళులు పడవల్లో రామేశ్వరం తీరానికి చేరారు, కొందరిని ఇసుక దిబ్బ మీద దింపేసి పడవవాడు వెళ్లిపోతే పసిపిల్లలతో గంటల తరబడి అక్కడే ఉన్నారు. వాళ్లను ఏ శిబిరంలో పెట్టామో కూడా చూపించండి. ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్లను స్క్రిప్టు దశలోనే కూర్చోబెట్టండి, పోస్టర్ మీద పేరు కోసం కాదు. లంక భాషలు తెలిసిన రచయితలకు డబ్బిచ్చి పిలవండి. ఇంకొకటి, గట్టిగా చెప్తున్నాను: ఆ సిరీస్ మధ్యలో అప్పుల యాప్ ప్రకటన వేయకండి. 2020 చివర్లో హైదరాబాద్ పోలీసులు ఆ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసింది ఎందుకో, ఎంతమంది ప్రాణాలు తీసుకున్నాక చేశారో ఇక్కడి పత్రికలు చదివినవాళ్లకు తెలుసు. అప్పుల్లో మునిగిన వీధి కథ చెప్తూ, మధ్యలో అయిదు నిమిషాల్లో అప్పిస్తామని ఊరిస్తే ఎవరి పక్షాన ఉన్నట్టు?

ఒక దేశం పడిపోవడం ఎలా ఉంటుందో తెలియని సమాజానికి తన ప్రభుత్వాన్ని ఏం అడగాలో తెలియదు. పన్ను తగ్గిస్తామన్నా చప్పట్లే, పథకం పెంచుతామన్నా చప్పట్లే, రూపాయి బలపడిందన్నా చప్పట్లే. ఈ చప్పట్ల వెనక లెక్క ఒకటుంటుందని, అది చివరికి వంటింట్లోకే వస్తుందని చెప్పే పని ఇంతమంది రచయితలను, ఇన్ని తెరలను చేతిలో పెట్టుకున్న మీది కాకపోతే ఎవరిది?

శ్రీలంక ఇతర దేశాలకు ఇవ్వాల్సిన అప్పుల అసలు వాయిదాలు, 2024లో కుదిరిన ఒప్పందం ప్రకారం, 2028లో మళ్లీ మొదలవుతాయి. అప్పుడు ఆ దేశం పేరు మన టీవీ చర్చల్లోకి ఎలాగూ వస్తుంది. రాత ఈ ఏడాది మొదలుపెడితే సిరీస్ అప్పటికి సిద్ధమవుతుంది. వెనక్కి పంపిన ఆ కథను తిరిగి తెప్పించుకుని, శవాల లెక్క పక్కన పెట్టి, ఆఖరి పేజీదాకా చదవమని మనవి.

ఇట్లు,
మీ చందాదారుల్లో ఒకరు